నిక్షేపం

కామర్సు చదివినవాడికి కొండను చూడగానే కవిత్వం తోచదు. దీన్ని ఏ పద్దు కింద రాయాలి అని తోస్తుంది. నవ్వకండి. ముప్పై ఏళ్లకు పైబడ్డ బ్యాంకు నౌకరీలో నాకు అబ్బిన గుణం ఇది. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ ఆస్తి, అప్పు, ఆదాయం, ఖర్చు అనే నాలుగు గళ్లలో ఏదో ఒకదానిలో కూర్చోబెడితే గాని మనసు ఊరుకోదు. ఆ నాలుగింటిలోనూ ఇమడని వస్తువు ఎదురైతే రాత్రి లెక్క కలవని క్యాషియరులా అయిపోతాను. నన్ను అట్లా చాలాకాలంగా వేధిస్తున్న వస్తువు ఒకటుంది. అది విశాఖపట్నం ఓడరేవు వాకిట్లో, సముద్రంలోకి చొచ్చుకొని నిలబడ్డ కొండ.

స్థానికులు యారాడ కొండ అంటారు. ఆ వరసలో సముద్రం మీదికి సాగిన కొసకు తెల్లవాళ్లు డాల్ఫిన్ ముక్కు అని పేరు పెట్టారు, అదే నిలిచిపోయింది. నీటి అంచు నుంచి నిటారుగా లేచిన ఆ రాతి ముఖం ఎత్తు సుమారు 174 మీటర్లని చెబుతారు. వెనక కొండ ఇంకా ఎత్తు. అక్కడ కొండ మెల్లగా దిగి ఇసుకలో కలవదు, చటుక్కున నీళ్లలోకి ఆగిపోతుంది. నేను ఆ ఊళ్లో మూడేళ్లు పనిచేశాను. ముల్చేర వంటి అడవి తాలూకా నుంచి వెళ్లినవాణ్ణి, కొండలు నాకు కొత్త కాదు. కాని మన కొండలు అడవి కప్పుకొని కూర్చుంటాయి. అది ఒంటి మీద బట్ట లేకుండా నిలబడి ఉంటుంది.

ప్రపంచంలో దీనికంటే ఎంతో పెద్ద జాతభాయిలు ఉన్నారు. నార్వే పడమటి తీరాన బ్రేమాంగర్ ద్వీపం మీద హోర్నెలెన్ అనే కొండ ఉంది. సముద్రం నుంచి 860 మీటర్లు లేస్తుంది. యూరప్‌లోని సముద్రపు కొండచరియల్లో అదే ఎత్తయినదని అంటారు. సుమారు వెయ్యేళ్ల కిందటి ఓలాఫ్ ట్రిగ్వసన్ అనే రాజు దాన్ని ఎక్కి శిఖరాన తన డాలు బిగించి వచ్చాడని, మధ్యలో ఎక్కలేక దిగలేక చిక్కుకున్న ఒక భటుణ్ణి చంకన పెట్టుకొని దించాడని అక్కడి పాత రాజుల కథల్లో ఉంది. డాలు ఏమైందో ఎవరికీ తెలియదు. కొండ మాత్రం ఉంది. ఆ తీరాన ఓడ నడిపేవాళ్లకు అది తరతరాలుగా ఆనవాలు. ఎత్తు మాట ఎట్లా ఉన్నా, హోర్నెలెన్ చేసే పనీ మన యారాడ కొండ చేసే పనీ ఒక్కటే. రెండూ కదలకుండా ఉంటాయి.

కదలకుండా ఉండటం కూడా ఒక పనేనా అంటారా? విశాఖ రేవును అడగండి. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి ఆ రేవులోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో రేవును లాంఛనంగా తెరిచారు. లోపలికి వచ్చిన ఓడకు నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి కొట్టే అలల నుంచి చాటు ఇచ్చింది ఆ కొండే. అంత చాటు మనిషి కట్టాలంటే ఎన్ని లక్షల బండ్ల రాయి పడుతుందో ఊహించుకోండి. ఆ చాటు చాలని చోట మనిషి తన వంతు కట్టాడు. రెండు పాత ఓడలను తెచ్చి రాళ్లతో నింపి ముంచి, వాటిని అడ్డుగోడగా నిలబెట్టారు. ఆ రెండు ఓడల ఖర్చు లెక్కల్లోకి ఎక్కి ఉంటుంది. వాటి కంటే ఎన్నో రెట్లు పనిచేసిన కొండ ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

రెండో పని ఆనవాలు. పాత మత్స్యకారులకు యంత్రాలు లేవు. ఒడ్డున ఉన్న రెండు గురుతులు ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, అక్కడ వల వేసేవారు. ఒక పెద్దాయన నాకు ఇట్లా చెప్పాడు: "నీళ్ల మీద గుర్తు పెట్టడానికేటుంది బాబూ, కొండను బట్టే మా చోటు." నాకు ఈ మాట ఎన్నో ఆర్థిక సూత్రాల కంటే లోతైనదిగా కనిపించింది. కదిలేదానికి తన చోటు తనంతట తెలియదు. కదలనిది ఒకటి ఉంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు నా గళ్ల పుస్తకం తెరుద్దాం. కొండ మీద 1957లో కట్టిన దీపస్తంభం ఉంది. దానికి కట్టుబడి ఖర్చు ఉంది, ఏటేటా తరుగుదల ఉంది, దీపం చూసేవాడికి జీతం ఉంది. రేవులో ఇసుక తోడే ఓడకు ఖర్చు ఉంది. కాని దీపాన్ని అంత ఎత్తున మోస్తున్న కొండకు? సున్నా కూడా లేదు. సున్నా రాయాలన్నా ఒక వరస కావాలి గదా, ఆ వరసే లేదు. కారణం ఏ బీకాం విద్యార్థినడిగినా చెబుతాడు. మేము ఆస్తిని దాని కొనుగోలు ఖరీదుకు రాస్తాం. ఎవరూ కొననిది, ఎవరూ కట్టనిది మా పుస్తకంలో పుట్టదు.

ఇది లెక్కల శాస్త్రపు దోషం కాదు. ఒక కొలబద్ద తాను కొలవగలిగినదే కొలుస్తుంది. చిక్కు ఎక్కడంటే, పుస్తకంలో లేనిది లోకంలోనే లేదనుకునే అలవాటు మనకు పడింది. మా మహారాష్ట్రలో సాత్‌బారా ఉతారా మీద పేరు లేని భూమిని జనం ఎట్లా చూస్తారో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. తలాఠీ రాయనిది ఎవరిదీ కాదు, కాబట్టి ముందు చేయి వేసినవాడిది.

మరి కొండ ఎప్పుడు పుస్తకంలోకి ఎక్కుతుంది? తవ్విన రోజున. యారాడ కొండకు ఉత్తరంగా, అదే విశాఖ తీరాన రుషికొండ ఉంది. 2021లో అక్కడి పాత పర్యాటక భవనాలను కూల్చి కొత్తవి కట్టడానికి కొండను తవ్వారు. తగవు హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్లింది. అనుమతించిన మేర దాటి తవ్వారా లేదా అని కొలవడానికి కమిటీ వేశారు. అది ఏ ప్రభుత్వపు కాలం, ఎవరికి ఓటు అనేది నా వ్యాసానికి అక్కరలేదు. నేను గమనించింది ఇంతే: కొండ ఉన్నంతకాలం ఎవరూ దాన్ని కొలవలేదు. కొంత పోయాక ఎకరాలు, కంకర, మట్టి, కట్టడాల ఖర్చు అన్నీ అంకెలై వచ్చాయి. బతికినంతకాలం పేరు లేక, చచ్చాక రిజిస్టరుకెక్కిన మనిషిలా ఉంది ఆ కొండ గతి.

సముద్రమే చూడని మన సరిహద్దు తాలూకాలకు ఈ గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉంది, అదీ పాతదే. విశాఖ రేవును తవ్వించిన కారణాల్లో ముఖ్యమైనది అప్పటి సెంట్రల్ ప్రావిన్సుల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడం. మన సిరోంచ అప్పుడు ఆ ప్రావిన్సుల్లోని చాందా జిల్లాలో భాగం. తర్వాత 1960లలో ఇంద్రావతి అవతలి బైలాడిలా కొండల నుంచి విశాఖకు రైలుమార్గం వేశారు, ఇనుప ఖనిజం జపాను వెళ్లింది. పెద్ద ఖనిజం ఓడల కోసం 1976లో బయటి రేవు కూడా కట్టారు. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. అక్కడ మూపురం, ఇక్కడ ముక్కు. లోతట్టు కొండలు ముక్కలై వచ్చి, తీరపు కొండ చాటున భద్రంగా ఓడలెక్కి వెళ్లిపోతున్నాయి. కదలని కొండ ఒకటి ఉండబట్టే, కదలకూడని కొండలు ఇంత సులువుగా కదిలిపోయాయి. నేను విశాఖలో ఉన్నన్నాళ్లూ ఎర్రటి దుమ్ము కప్పుకున్న ఆ వ్యాగన్లను చూస్తూ దీని గురించే ఆలోచించేవాణ్ణి.

బైలాడిలాలో గనులకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. డిపాజిట్ 5, డిపాజిట్ 14 అంటూ మొత్తం పద్నాలుగు. డిపాజిట్ 13 దగ్గర 2019 జూనులో వేలాది ఆదివాసులు వచ్చి కూర్చున్నారు. అది తమ నందరాజు దేవుడి కొండ అన్నారు. పని ఆగింది. ఆ వార్త చదివినప్పుడు నాకు దెబ్బ తగిలింది దేవుడి దగ్గర కాదు, డిపాజిట్ అనే మాట దగ్గర. అది మా బ్యాంకు మాట. దానికి తెలుగులో ఖనిజాల విషయంలో మనం వాడేది నిక్షేపం. ఇనుప నిక్షేపాలు, బొగ్గు నిక్షేపాలు అని పత్రికలు రాస్తూనే ఉంటాయి. కాని నిక్షేపం అసలు అర్థం అది కాదు. నమ్మి ఒకరి చేతికి అప్పగించిన వస్తువు నిక్షేపం. ఏ దెబ్బా తగలకుండా ఉన్నదాన్ని మనం ఇప్పటికీ 'నిక్షేపంగా ఉంది' అంటాం. భాష ఇక్కడ మనకంటే తెలివైనది. భూమిలో ఉన్నదాన్ని ఏమనాలో అడిగితే, 'అది నీకు అప్పగించినది' అని జవాబు చెప్పింది. మనం వినలేదు.

ఈ తేడా బ్యాంకులో పనిచేసినవాడికి బాగా తెలుస్తుంది. మా దగ్గర రెండు రకాల అప్పగింతలు ఉంటాయి. ఒకటి డిపాజిట్టు. మీరు తెచ్చిన నోట్లు మేము దాచిపెట్టం. ఇంకొకరికి అప్పిస్తాం, వడ్డీ సంపాదిస్తాం. మీరు అడిగిన రోజున అంతే మొత్తం ఇస్తాం. అవే నోట్లు ఇమ్మని మీరు అడగరు, అడిగినా కుదరదు. రెండోది సేఫ్ కస్టడీ. మీరు ఒక పెట్టె సీలు వేసి తెస్తారు. లోపల ఏముందో మేము అడగం. రిజిస్టరులో 'సీలు వేసిన పెట్టె ఒకటి' అని రాసుకుంటాం, విలువ రాయం. అది మా ఆస్తుల పట్టీలోకి రాదు. దాన్ని మేము తెరవకూడదు, వాడకూడదు, ఎవరికీ అప్పివ్వకూడదు. అడిగిన రోజున అదే పెట్టె, అదే సీలుతో తిరిగి ఇవ్వాలి. దాని బదులు దానికంటే మంచి పెట్టె ఇస్తామన్నా ఒప్పుకోరు.

ఇది తెల్లవాడు నేర్పింది కాదు. మన ధర్మశాస్త్రాల్లో సీలు వేసి ఇచ్చిన అప్పగింతకు ఉపనిధి అని వేరే పేరుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దీనికోసం ఒక అధ్యాయమే ఉంది. యాజ్ఞవల్క్య స్మృతి ఒక మినహాయింపు కూడా చెప్పింది: రాజు గాని, దైవం గాని, దొంగ గాని ఎత్తుకుపోతే దాచినవాడు చెల్లించనక్కరలేదు. రాజునూ దొంగనూ ఒకే వరసలో కూర్చోబెట్టిన ఆ స్మృతికారుడి లోకజ్ఞానానికి దండం పెట్టాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా, బుద్ధిగలవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువును అంత జాగ్రత్తగా చూడమంటుంది.

ఇప్పుడు ప్రశ్న సూటిగా అడగవచ్చు. కొండ మనకు డిపాజిట్టా, సేఫ్ కస్టడీయా? వాడుకొని అంత విలువ ఇంకోచోట చూపిస్తే సరిపోతుందా, లేక అదే కొండను అట్లాగే ముందువాళ్లకు ఇవ్వాలా?

మన చట్టాలు చాలావరకు డిపాజిట్టు అనే అంటున్నాయి. అడవి పోగొట్టినచోట ఇంకోచోట మొక్కలు నాటమన్నాయి. 2008లో సుప్రీంకోర్టు అడవికి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా వెల కట్టింది. ఆ కోర్టును తప్పుపట్టే సాహసం నాకు లేదు. అసలు లెక్కే లేనిచోట ఏదో ఒక లెక్క పెట్టడం మేలే. ఉచితంగా పోయేదానికి కనీసం ధర వచ్చింది. కాని ధర కట్టిన మరుక్షణం ఇంకొకటి జరుగుతుంది. 'ఎంత?' అన్న ప్రశ్న వచ్చి 'ఇవ్వవచ్చా?' అన్న ప్రశ్నను బయటికి నెడుతుంది. కట్టగలిగినవాడు కడతాడు. చెల్లించాను గదా అంటాడు. రసీదు ఉన్నవాడితో వాదించడం కష్టం.

తీరపు కొండను చూస్తే ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. యారాడ కొండను తవ్వేసి, దానికి సరిసమానమైన కొండను తెచ్చి ఇరవై మైళ్ల ఇవతల నిలబెట్టారనుకోండి. ఎత్తు అంతే, బరువు అంతే, రాయి అదే. రేవుకు చాటు ఉంటుందా? పడవవాడికి తన చోటు తెలుస్తుందా? ఆ కొండ విలువ దాని రాయిలో లేదు, అది ఉన్నచోట ఉంది. రూపాయిని ఇక్కడిది తీసి అక్కడ పెట్టినా రూపాయే. చోటును తీసి ఇంకో చోట పెట్టలేం. చోటే విలువ అయిన వస్తువుకు బదులు లేదు. బదులు లేనిదాన్ని డిపాజిట్టు ఖాతాలో రాయడం పొరపాటు పద్దు.

దీనికి ఎదురు వాదం నాకు తెలియక కాదు. సేఫ్ కస్టడీ అంటే అప్పగించినవాడు ఒకడుండాలి గదా, కొండను అప్పగించిందెవరు? సంతకం ఎక్కడ? దేవుడనే వాళ్లు దేవుడంటారు, పూర్వీకులనే వాళ్లు పూర్వీకులంటారు. నాకు రెండింటి జోలి అక్కరలేదు. మా బ్యాంకు సంగతే చెబుతాను. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్టును బ్యాంకు తన లాభంలో కలుపుకోకూడదు. 2014 నుంచి ఆ సొమ్మును రిజర్వు బ్యాంకు నడిపే ప్రత్యేక నిధికి జమ చేయాలి. ఆ తర్వాత ఎప్పుడు హక్కుదారు వచ్చినా ఇవ్వాలి. అంటే ఒట్టి డబ్బు విషయంలోనే, యజమాని కనబడకపోవడం యజమాని లేకపోవడం కాదని మనం ఒప్పుకున్నాం. ఇంకా పుట్టనివాడు కౌంటరు దగ్గరకు రాలేడు. రాలేదు గనుక వాడి పెట్టె మనదని అనగలమా?

ఇంతవరకు వాదం నున్నగా నడిచింది. ఇప్పుడు ముల్లు దగ్గరకు వస్తాను. మా వైపు ఏటపల్లి తాలూకాలో సూర్జాగఢ్ కొండలున్నాయి. జనవరిలో అక్కడ ఠాకూర్‌దేవ్ జాతర జరుగుతుంది, మాడియా గోండులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ కొండల్లో మేలైన ఇనుము ఉంది. 2007లో 348 హెక్టార్లకు గనుల లీజు ఇచ్చారు. 2016లో తవ్వకం మొదలైంది. ఆ డిసెంబరులోనే పదుల కొద్దీ లారీలు తగలబడి ఆగింది. 2021 నుంచి మళ్లీ సాగింది. ఆ తర్వాత అల్లాపల్లి, ఆష్టి రోడ్డు మీద లారీల వరస ఎట్లా ఉండేదో ముల్చేర వైపు వాళ్లకు తెలుసు. గని పనికి కుదిరిన ఒక మాడియా కుర్రాడు మోటారు సైకిలు అప్పు కోసం నా ముందు కూర్చున్నాడు. తెలుగు, మరాఠీ, గోండి కలిపి మాట్లాడతాడు. కాగితాలు అయ్యాక అన్నాడు: "సాహెబ్, కొండ మీద మా దేవుడున్నాడు. కొండ కింద నా నౌకరీ ఉంది. రెంటిలో నన్ను ఏది వద్దనమంటారు?"

నేను జవాబు చెప్పలేదు. నెల జీతం నిక్షేపంగా అందుకునేవాడు ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పడం మర్యాద కాదు. అతని తాతకు కొండే అన్నం పెట్టింది. అతనికి కొండ పొడి అన్నం పెడుతోంది. వాడి ఇంట్లో మొదటి జీతం అది. ఇనుము వద్దని రాసే ఈ కలం పాళీ కూడా ఏదో కొండ తునకే. ఏ కొండనూ ముట్టరాదనేవాడు ముందు తన ఇంటి తలుపు గడియ ఊడదీసి చూపాలి.

కాబట్టి అన్ని కొండలూ సీలు వేసిన పెట్టెలే అని నేను అనను. కాంట్రాక్టు చట్టం ఇచ్చిన ఒక ఉదాహరణ ఇక్కడ పనికివస్తుంది. ఒకడు తన ఆవును ఇంకొకడికి అప్పగిస్తాడు. ఆవు ఈనుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆవుతోపాటు దూడనూ ఇవ్వాలి. ఇది చట్టం మాట. నా మాట ఒకటి చేరుస్తాను: ఏడాది పొడుగునా మేపినవాడు పాలు తాగితే ఊళ్లో ఎవరూ తప్పుపట్టరు. ఆవును కోస్తే పడతారు. కొండకు పాలు ఉన్నాయి. ఇప్పపువ్వు, తునికాకు, తేనె, వెదురు, వాగు నీళ్లు. ఇదే గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలో మెండా లేఖా అనే చిన్న గోండు గ్రామం ఉంది. అటవీ హక్కుల చట్టం కింద 2009లో దానికి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సాముదాయిక హక్కు వచ్చింది. 2011లో వెదురు రవాణాకు పర్మిట్లు ఇచ్చే అధికారం గ్రామసభ చేతికి వచ్చింది. వాళ్లు వెదురు నరుకుతారు, అమ్ముతారు, లెక్క రాస్తారు. అడవి మాత్రం అడవిగానే ఉంచుకుంటారు. నౌకరీ, దేవుడు రెండూ ఒక్క కొండ మీద ఉండలేవని ఎవరూ శాసించలేదన్నమాట.

మరి కొండలో ఏ పాలు లేక ఇనుమే ఉంటే? అప్పుడు అడగాల్సినది ఎవరిని? 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఒడిశాలోని నియమగిరి విషయంలో గ్రామసభలను అడగమంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. అక్కడి డొంగ్రియా కోందులు నియమ రాజు కొండను బాక్సైటు కోసం ఇవ్వమన్నారు. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే రాతికి ఖొండలైటు అని పేరు. విశాఖ కొండలదీ ఆ రాతి కుదురే. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఆ కోందుల పేరు మీదే దానికా పేరు పెట్టాడు. రాతికి మనుషుల పేరు పెట్టగలిగినవాళ్లకు, రాతి గురించి ఆ మనుషులను అడగాలని తోచడానికి 111 ఏళ్లు పట్టింది.

గ్రామసభ 'తవ్వుకోండి' అని కూడా అనవచ్చు. అంటే అప్పుడు నేను నోరు మూసుకోవాలి. ఆ తవ్వకం తప్పయినా కావచ్చు. కాని గొయ్యి పక్కన బతకబోయేవాడు ఒప్పుకోవడం వేరు, గొయ్యి ఎన్నడూ చూడనివాడు సంతకం పెట్టడం వేరు. పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలో తేలితే సగం ధర్మం తేలినట్టే. మిగతా సగం ఆ తాళం ఉన్నవాడి అంతరాత్మది. అక్కడికి బ్యాంకు ఆఫీసరు వెళ్లలేడు.

నేను అడిగేది చిన్న సవరణ. కొండను మొదట సేఫ్ కస్టడీ రిజిస్టరులో రాయండి. అక్కడి నుంచి డిపాజిట్టు ఖాతాకు మార్చదలచినవాడు కారణం చూపాలి, తాళం ఉన్నవాడి సంతకం తేవాలి, చోటు పోతే ఏం పోతుందో చెప్పాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులు. కొండ ముందుగానే డిపాజిట్టు. దాన్ని కాపాడదలచినవాడే కారణం చూపాలి, కోర్టుకు తిరగాలి, వానలో కూర్చోవాలి. రుజువు భారం ఎవరి మీద అనేది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నేను చూసిన దావాల్లో సగం అక్కడే తేలిపోయాయి.

ఈ పత్రిక చదివేవాళ్లకు కదలనిదాని విలువ వేరే చెప్పాలా? సిరోంచ ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. సెంట్రల్ ప్రావిన్సులు అయింది, 1956లో బొంబాయి రాష్ట్రం అయింది, 1960లో మహారాష్ట్ర అయింది, 1982లో చంద్రపూర్ విడిచి గడ్చిరోలి జిల్లా అయింది. ఊళ్లు లేచి ఎక్కడికీ వెళ్లలేదు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు మారలేదు. మన తాతలు తామెక్కడున్నారో ఏ గెజిట్టు చూసి తెలుసుకోలేదు. ఏటినీ గట్టునూ కొండనూ మాట్లాడే మాటనూ చూసి తెలుసుకున్నారు.

యారాడ కొండ మీద దీపం ఇప్పుడు అంత ముఖ్యం కాదు, ఉపగ్రహం చూసి ఓడ నడిపే రోజులు వచ్చాయి అంటారు. నిజమే కావచ్చు. దీపానికి తరుగుదల రాస్తూ పోతే ఒకనాటికి దాని పుస్తకపు విలువ ఒక్క రూపాయికి దిగుతుంది. అలలు మాత్రం ప్రతి జ్యేష్ఠంలోనూ దక్షిణం నుంచే వస్తాయి, వాటికి ఉపగ్రహం సంగతి తెలియదు. ఆ అలలకు అడ్డంగా, ఏ పట్టీలోనూ పేరు లేకుండా, ఎవరికీ బిల్లు పంపకుండా కొండ నిలబడి ఉంటుంది. దానికి మనం బాకీ ఉన్నామా అంటే, లెక్క ప్రకారం లేము. బాకీ లేనిచోట కూడా తిరిగి ఇవ్వవలసినది ఉంటుందని ఒప్పుకోవడమే, నాకు అర్థమైనంతలో, ధర్మం అనే మాటకు అర్థం.